పెద్ద క్యాన్సర్ ఆపరేషన్: సెలైన్ లెక్క, కిడ్నీల కాపలా. ఇంటివాళ్లు ఏం చేయాలి?

నేను మత్తు డాక్టర్ని. ఆపరేషన్ ముందురోజు బంధువులు నన్ను అడిగేది ఒకటే: "మళ్లీ మెలకువ వస్తుంది కదండీ?" మర్నాడు వార్డులో కనబడితే అడిగేది ఇంకొకటి: "బాగా నీరసంగా ఉంది సార్, ఇంకో రెండు సెలైన్లు ఎక్కించరాదా?" మొదటి ప్రశ్నకి జవాబు ఒక్క మాటలో అయిపోతుంది. రెండోదానికి నిలబడి చెప్పే తీరిక నాకెప్పుడూ దొరకలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఒక చిన్న లెక్క. అర లీటరు నార్మల్ సెలైన్ సీసాలో ఉండేది నీళ్లూ, నాలుగున్నర గ్రాముల ఉప్పూ. లీటరు ఎక్కిస్తే 9 గ్రాముల ఉప్పు ఒంట్లోకి వెళ్లినట్టు. పెద్దవాళ్లు రోజుకి 5 గ్రాముల ఉప్పు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇక గ్లూకోజ్ సీసా అంటారే, ఆ 5 శాతం డెక్స్‌ట్రోజ్ అర లీటరులో 25 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. ఐదారు చెంచాల పంచదార అనుకోండి. మనవాళ్లు నమ్మే "బలం" ఇంతే. సెలైన్ ఒక మందు, దానికీ డోసు ఉంది. తక్కువైతే కిడ్నీకి రక్తం చాలదు. ఎక్కువైతే పేగు ఉబ్బుతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, కుట్లు ఆలస్యంగా అతుక్కుంటాయి, చివరికి కిడ్నీ కూడా వాచి మందగిస్తుంది.

పెద్దపేగు, పాంక్రియాస్, అండాశయం, జీర్ణాశయం లాంటి చోట్ల క్యాన్సర్‌కి పొట్ట తెరిచి గంటల తరబడి చేసే ఆపరేషన్ల గురించే ఇక్కడ చెబుతున్నాను. థియేటర్లో డోసు నిర్ణయించడం మా పని. కానీ మా లెక్క సరిగ్గా కుదరాలంటే మీ దగ్గరుండే కొన్ని వివరాలు మాకు కావాలి. ఇంటికి వెళ్లాక ఆ లెక్క ఎలాగూ మీ చేతికే వస్తుంది.

1. పాత క్రియాటినిన్ వెతికి పట్టుకోండి

బీరువాలోనో, పరుపు కిందో పాత రిపోర్టులు ఉంటాయి. షుగర్ చెకప్‌వి, రెండేళ్ల కిందటి జ్వరానివి, ఏవైనా సరే తీసుకురండి. క్రియాటినిన్ అంటే కిడ్నీ బయటికి పంపే వ్యర్థం, రక్తంలో అది పెరిగితే కిడ్నీ మందగించినట్టు. దాన్ని ఒక్కసారి చూస్తే పెద్దగా ఏమీ చెప్పదు. నిన్న ఎంత, ఇవాళ ఎంత అన్నదే అసలు సంగతి. ఆపరేషన్‌కి ముందున్న అంకె తెలియకపోతే తర్వాత వచ్చిన అంకెని దేనితో పోల్చాలి?

ఇందులో ఒక మోసం ఉంది. క్రియాటినిన్ కండ నుంచి పుడుతుంది. క్యాన్సర్‌తో పది కిలోలు తగ్గి కండ కరిగిపోయిన మనిషికి 0.6 వస్తే "కిడ్నీలు భేష్" అని మురిసిపోవడానికి లేదు. కండే లేనప్పుడు క్రియాటినిన్ ఎక్కడినుంచి వస్తుంది? అలాంటివాళ్లకి, కండ మీద అంతగా ఆధారపడని సిస్టాటిన్ సి అనే రక్తపరీక్ష అవసరమేమో డాక్టర్‌ని అడగండి. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందేమో కూడా ఒకసారి చూపించుకుంటే మంచిది. ఖర్చు తక్కువ, చెప్పేది చాలా ఎక్కువ.

మాకు తప్పకుండా చెప్పాల్సినవి ఇంకొన్ని. ఆపరేషన్‌కి ముందు కీమో ఇచ్చారా, అందులో సిస్‌ప్లాటిన్ ఉందా? అది క్యాన్సర్‌కి మంచి మందే కానీ కిడ్నీకి గిట్టదు. ఈ వారం పది రోజుల్లో కాంట్రాస్ట్ (స్కాన్‌లో స్పష్టంగా కనబడటానికి ఇచ్చే మందు) ఎక్కించి సీటీ స్కాన్ తీశారా? ఎప్పుడైనా ఒక కిడ్నీ తీసేశారా, రాళ్లు ఉన్నాయా? మీది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపా? కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస పక్కనుంచి వచ్చినవాళ్లు ఆ మాట మాతో ముందే చెప్పండి. అక్కడ బీపీ, షుగర్ లేనివాళ్లకీ కిడ్నీలు నెమ్మదిగా దెబ్బతింటున్నాయి, బయటికి ఏమీ తెలియదు. కాబట్టి ఊరి పేరు కూడా మాకు ఒక రిపోర్టే.

2. మందుల సంచీ మొత్తం పట్టుకురండి

పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. సంచీలో ఉన్నవన్నీ బల్ల మీద పోయండి చాలు. ఆకుమందులు, కషాయాలు, పక్కింటివాళ్లు ఇచ్చిన పొడులు కూడా. వాటి గురించి చెప్పడానికి మొహమాటపడతారు, మేం తిడతామని. తిట్టం.

మేం వెతికేవి ఇవి. పేరు చివర "ప్రిల్" అనో "సార్టాన్" అనో ఉండే బీపీ బిళ్ళలు: ఎనలాప్రిల్, రామిప్రిల్, టెల్మిసార్టాన్, లోసార్టాన్. ఆపరేషన్ ముందురోజు వీటిని ఆపాలా, వేసుకోవాలా అన్నది మనిషినిబట్టి ఉంటుంది. వేసుకుని వస్తే మత్తులో బీపీ పడిపోయే అవకాశం కొంచెం ఎక్కువ. షుగర్‌కి వాడే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి మాత్రం మూడు రోజుల ముందే ఆపాలి. లేకపోతే షుగర్ మామూలుగా ఉన్నా రక్తంలో ఆమ్లాలు పెరిగిపోయే ప్రమాదం ఉంది. మీ అంతట మీరు ఆపొద్దు, కానీ మూడు రోజుల ముందే అడగండి. ఆపరేషన్ రోజు పొద్దున అడిగితే అప్పటికే ఆలస్యం.

3. మంచినీళ్లు కూడా ఇవ్వకుండా ఎండబెట్టకండి

"రాత్రి తొమ్మిది నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టనివ్వలేదండీ" అని గొప్పగా చెబుతారు. ఆపరేషన్ మర్నాడు పదకొండింటికి మొదలైతే పద్నాలుగు గంటలు నోరు కట్టేసినట్టే. దానికితోడు పేగు శుభ్రం చేసే పొడి తాగించి ఉంటే విరేచనాల్లో ఒంట్లో నీరు చాలా పోయి ఉంటుంది. అలా వచ్చిన మనిషికి మత్తు ఇవ్వగానే బీపీ జారిపోతుంది. అప్పుడు మేం ఆపరేషన్ మొదలవకముందే సీసాల మీద సీసాలు ఎక్కించాల్సి వస్తుంది.

మామూలు నియమం ఇది: ఇడ్లీ లాంటి తేలిక తిండి, పాలు, పాల కాఫీ ఆరు గంటల ముందు ఆపాలి. నూనె వంటలు, మాంసం అయితే ఇంకా ముందే. మంచినీళ్లు, పంచదార నీళ్లు, పాలు పోయని టీ, గుజ్జు లేకుండా వడకట్టిన పళ్లరసం రెండు గంటల ముందు వరకు తాగొచ్చు. మజ్జిగ, రాగిజావ ఈ లెక్కలోకి రావు. పేగుకి అడ్డం పడినవాళ్లకీ, జీర్ణాశయం ఖాళీ కాక వాంతులవుతున్నవాళ్లకీ ఇది వర్తించదు. వాళ్లకి డాక్టర్ చెప్పిందే నియమం. "ఎన్ని గంటల దాకా నీళ్లు ఇవ్వొచ్చు?" అని అంకెతో సహా అడిగి రాసుకోండి. "రాత్రి నుంచి ఏమీ వద్దు" అని సిస్టర్ అందరికీ ఒకే మాట చెప్పేసి వెళ్లిపోతే ఇంకోసారి అడగండి, తప్పేం లేదు.

4. తలుపు వెనక జరిగేది తెలుసుకోండి

ఇక్కడ మీరు చేసేదేమీ ఉండదు. అయినా లోపల ఏం జరుగుతుందో తెలిస్తే బెంచీ మీద కూర్చున్నవాళ్లకి టెన్షన్ కొంత తగ్గుతుంది.

మా ముందుతరం డాక్టర్లు ఈ ఆపరేషన్లలో లీటర్లకి లీటర్లు పోసేవారు. తెరిచిన పొట్టలోంచి నీరు ఆవిరైపోతుందని, కణాల మధ్య ఎక్కడో దాక్కుంటుందని నమ్మకం. పేషెంట్ నాలుగైదు కిలోల బరువు పెరిగి, మొహం వాచిపోయి బయటికి వచ్చేవాడు. 2003లో డెన్మార్క్ డాక్టర్లు పెద్దపేగు ఆపరేషన్లలో సెలైన్ తగ్గించి చూస్తే కాంప్లికేషన్లు తగ్గాయి. ఇక అందరం ఆ పక్కకి ఒరిగిపోయాం, ఎంత పొడిగా ఉంచితే అంత గొప్ప అన్నట్టు. 2018లో ఆస్ట్రేలియా డాక్టర్లు ముందుండి, ఏడు దేశాల్లో దాదాపు 3000 మంది మీద చేసిన రిలీఫ్ అనే అధ్యయనం వచ్చింది. అందులో ఎక్కువమందివి క్యాన్సర్ ఆపరేషన్లే. ఒక గుంపుకి మొదటి రోజు మొత్తమ్మీద ఆరు లీటర్ల పైచిలుకు, ఇంకో గుంపుకి 3.7 లీటర్లు ఇచ్చారు. ఏడాది తర్వాత వైకల్యం లేకుండా బతికి ఉన్నవాళ్లు రెండు గుంపుల్లోనూ సమానమే. కానీ కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు తక్కువ ఇచ్చిన గుంపులో 8.6 శాతం, ఎక్కువ ఇచ్చిన గుంపులో 5 శాతం. పొడిగా ఉంచడమనే ఫ్యాషన్‌కి కిడ్నీయే మూల్యం చెల్లించిందన్నమాట. నేను కూడా ఆ ఫ్యాషన్‌లో కొన్నేళ్లు నడిచినవాణ్ణే. ఇప్పుడు నడిమి దారిలో, కొంచెం ఉదారంగా ఉంటాను.

ఎంత ఇవ్వాలో ఎలా తెలుస్తుంది? మణికట్టు దగ్గర ధమనిలో సన్నటి గొట్టం పెడతాం. ప్రతి గుండె దెబ్బకీ మానిటర్ మీద ఒక ఎర్రటి అల లేస్తుంది. వెంటిలేటర్ ఊపిరి పోసినప్పుడల్లా ఆ అలలు పెద్దవీ చిన్నవీ అవుతూ బాగా ఊగుతుంటే రక్తనాళాలు వెలితిగా ఉన్నాయని అర్థం. 250 ఎంఎల్ వేగంగా ఇచ్చి చూస్తాం. ఊగడం తగ్గి బీపీ నిలబడితే సరే. నిలబడలేదంటే కావాల్సింది నీళ్లు కాదు, నాళాల్ని బిగించే నార్అడ్రినలిన్. ముఖ్యంగా నొప్పి కోసం వెన్నులో ఎపిడ్యూరల్ గొట్టం పెట్టినప్పుడు నాళాలు వదులై బీపీ పడుతుంది. అప్పుడు సీసా తర్వాత సీసా వేలాడదీయడం మా వృత్తిలో పాత అలవాటు, చెడ్డ అలవాటు.

ఇక ఏ సీసా? నార్మల్ సెలైన్‌లో క్లోరైడ్ 154 ఉంటుంది, మన రక్తంలో సుమారు వంద. లీటర్ల కొద్దీ ఇస్తే రక్తంలో ఆమ్లం పెరుగుతుంది. అందుకే చాలామందిమి క్లోరైడ్ తక్కువున్న రింగర్ లాక్టేట్ లాంటి సీసాలే వాడతాం. స్టార్చ్ కలిపిన ద్రావణాలు ఒకప్పుడు బాగా వాడేవాళ్లం. ఐసీయూ రోగుల కిడ్నీలకి వాటితో హాని ఉందని 2012లో తేలాక నేను ముట్టుకోలేదు.

ఆపరేషన్ జరిగేటప్పుడు మూత్రం తగ్గిందన్నంత మాత్రాన కిడ్నీ పోయినట్టు కాదు. ఒళ్లు కోతకి గురైనప్పుడు నీటిని పట్టి ఉంచే హార్మోన్ ఎక్కువగా వస్తుంది, అది సహజం. లోపలినుంచి ఎవరైనా వచ్చి "యూరిన్ కొంచెం తక్కువ వస్తోంది" అంటే అప్పుడే ఏడుపు మొదలుపెట్టకండి.

5. ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి

ఇది మీ పని, పూర్తిగా మీదే. ఐసీయూ నుంచి వార్డుకి వచ్చిన రోజు మొదలుపెట్టండి. పేజీ మధ్యలో నిలువు గీత గీయండి. ఎడమవైపు లోపలికి వెళ్లినవి: సెలైన్, యాంటీబయాటిక్ కలిపిన 100 ఎంఎల్ చిన్న సీసాలు (ఇవి అందరూ మర్చిపోతారు, రోజుకి ఆరు పెడితే అరలీటరు దాటుతుంది), తాగిన నీళ్లు, జావ. కుడివైపు బయటికి వచ్చినవి: యూరిన్ బ్యాగ్, డ్రెయిన్ (పొట్టలోంచి ద్రవం బయటికి తీసే గొట్టం), ముక్కు గొట్టంలోంచి వచ్చిన పసరు, వాంతి, స్టోమా (పేగుని పొట్ట మీదకి తెచ్చిన ద్వారం) ఉంటే దాని బ్యాగ్. టైము వేసి రాయండి. సిస్టర్లూ చార్ట్ రాస్తారు. మీది వాళ్ల మీద నిఘా కాదు. రాత్రి డ్యూటీలో ఒకరే ముప్పైమందిని చూసుకునేటప్పుడు మీ నోట్‌బుక్ వాళ్లకే అక్కరకొస్తుంది.

మూత్రానికి కొండగుర్తు: గంటకి, కిలో బరువుకి అర ఎంఎల్. 60 కిలోల మనిషికి గంటకి 30. ఆరు గంటల్లో 180 కూడా రాలేదంటే డ్యూటీ డాక్టర్‌ని పిలవాల్సిందే.

పిలిచే ముందు గొట్టం చూడండి. ఒక రాత్రి రెండింటికి "మూడు గంటలుగా చుక్క లేదు" అని ఫోన్ వస్తే పరిగెత్తాను. పెద్దాయన వెల్లకిలా పడుకుని ఉన్నారు. దుప్పటి ఎత్తి చూస్తే గొట్టం ఆయన తొడ కింద మడతపడి నలిగిపోయి ఉంది. తొడ కాస్త పైకెత్తాను. బుడగలతో సహా గలగలమని బ్యాగ్‌లోకి దిగింది, నాలుగు వందలు. ఆయన "హమ్మయ్య" అన్నారు, నేనూ అన్నాను. బ్యాగ్ ఎప్పుడూ మంచం కంటే కిందే ఉండాలి, నేలకి తగలకూడదు.

నిలబడగలిగినప్పటినుంచీ రోజూ పొద్దున ఒకే మిషన్ మీద బరువు చూడండి. ఒక్క రోజులో కిలో పెరిగితే అది తిండి కాదు, దాదాపు లీటరు నీరు. మూడో రోజుకి అటూఇటూగా మూత్రం బాగా ఎక్కువ రావడం మొదలవుతుంది. ఒళ్లు దాచుకున్న నీటిని వదిలేస్తోందని సంతోషించండి.

6. రిపోర్టులో "నార్మల్" అన్న మాట నమ్మకండి

కంప్యూటర్ ప్రింటు ఇలా ఉంటుంది. ఆపరేషన్ ముందు క్రియాటినిన్ 0.7. రెండో రోజు 1.1. పక్కన మామూలు హద్దు 1.2 అని ఉంటుంది కాబట్టి అంకె నల్లగా, బుద్ధిగా కూర్చుంటుంది. ఎర్ర గుర్తు లేదు, బాణం లేదు. కానీ 48 గంటల్లో 0.3 పెరిగినా, ఏడు రోజుల్లో ముందున్నదానికి ఒకటిన్నర రెట్లు అయినా కిడ్నీకి దెబ్బ తగిలినట్టే లెక్క. ఇక్కడ 0.4 పెరిగింది. 

కాబట్టి నోట్‌బుక్ చివరి పేజీలో తేదీ, క్రియాటినిన్, పొటాషియం వరసగా రాసుకుంటూ వెళ్లండి. పెరిగిందనిపిస్తే రౌండ్స్‌లో గట్టిగానే అడగండి: "0.7 నుంచి 1.1 అయింది సార్, కారణం ఏమై ఉంటుంది?" బీపీ తగ్గిందా, లోపల రక్తం కారుతోందా, ఇన్ఫెక్షనా, మందా, మూత్రనాళానికి అడ్డమా అని వాళ్లు ఒక్కొక్కటే వెతుకుతారు. ఈ దశలో పట్టుకుంటే చాలామందికి కిడ్నీ కోలుకుంటుంది. డయాలసిస్ దాకా వెళ్లేది బహు తక్కువమంది. రిలీఫ్ అధ్యయనంలో ఏ గుంపులోనూ అది ఒక శాతానికి చేరలేదు.

7. నొప్పి బిళ్ళల దగ్గర జాగ్రత్త

నా అనుభవంలో, చక్కగా నడిచిన ఆపరేషన్ తర్వాత కిడ్నీని పాడుచేసేది ఎక్కువగా ఇదే. డైక్లోఫెనాక్, కెటోరోలాక్, ఐబుప్రోఫెన్, ఎసెక్లోఫెనాక్, ఇవన్నీ కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. కుర్రాళ్లకి నడుస్తుంది. ఒంట్లో నీరు తక్కువై, బీపీకి "సార్టాన్" వాడుతూ, మూత్రం బిళ్ళ కూడా వేసుకునే అరవై ఐదేళ్ల మనిషికి ఈ నొప్పి బిళ్ళ కూడా తోడైతే కిడ్నీ చేతులెత్తేస్తుంది.

మెడికల్ షాపులో "పారాసిటమాలే అండీ" అని ఇచ్చే బిళ్ళల్లో చాలావాటిలో ఎసెక్లోఫెనాకో, ఐబుప్రోఫెనో కలిసి ఉంటుంది. అట్ట వెనక చిన్న అక్షరాలు చదవండి. పారాసిటమాల్ ఒక్కటే ఉందా అని చూసి, డాక్టర్ రాసిన డోసులోనే వాడండి. అమికాసిన్, జెంటామైసిన్ లాంటి, కిడ్నీకి గిట్టని యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు నడుస్తుంటే క్రియాటినిన్ తరచు చూస్తున్నారా అని అడగండి.

8. ఇంటికి వచ్చాక ఎంత తాగాలి?

"రోజుకి ఐదు లీటర్లు తాగితే కిడ్నీలు కడిగినట్టుంటాయి" అని వాట్సాప్‌లో వస్తుంది. కిడ్నీ కడిగే గిన్నె కాదు. గుండె జబ్బు లేక, నీళ్లు తగ్గించమని డాక్టర్ చెప్పి ఉండకపోతే, మూత్రం లేత పసుపులో వచ్చేంత తాగితే చాలు. చాలామందికి అది రెండు లీటర్ల దగ్గర తేలుతుంది, మన మే నెల ఎండల్లో ఇంకాస్త. సరిగా తినలేనివాళ్లకి గంటకోసారి చిన్న గ్లాసు ఇవ్వండి. దాహం వేసేదాకా ఆగకండి, ముసలివాళ్లకి దాహం ఆలస్యంగా తెలుస్తుంది.

కొబ్బరి బోండాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చూడ్డానికి వచ్చే ప్రతి బంధువూ రెండు తెస్తాడు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. కిడ్నీ బాగున్నవాళ్లకి రోజూ ఒకటి పర్వాలేదు. క్రియాటినిన్ ఇంకా దిగనివాళ్లకి పొటాషియం పెరిగి గుండె లయ తప్పొచ్చు. బోండాలు తెచ్చినవాళ్లతోనే తాగించి పంపేయండి.

చిన్నపేగుని పొట్ట మీదకి తెచ్చి బ్యాగ్ పెట్టినవాళ్లు, అంటే ఇలియోస్టమీ ఉన్నవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. రెక్టమ్ క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత కిడ్నీ దెబ్బతో మళ్లీ ఆసుపత్రికి వచ్చేవాళ్లలో వీళ్లే ఎక్కువ కనిపిస్తారు. బ్యాగ్ ఖాళీ చేసిన ప్రతిసారీ కొలజగ్గులో పోసి రాయండి. రోజుకి లీటరున్నర దాటితే ఫోన్ చేయండి. రెండు లీటర్లు దాటితే, లేదా కళ్లు తిరిగితే ఆసుపత్రికి వెళ్లండి. అలాంటప్పుడు ఉత్త మంచినీళ్లు ఎంత తాగితే అంత ఎక్కువగా బ్యాగ్‌లోకి వస్తుంది, ఒంట్లోని ఉప్పుని కూడా పట్టుకుపోతుంది. కావాల్సింది ఓఆర్ఎస్. పెద్ద ప్యాకెట్ అయితే మొత్తం ఒక లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, గ్లాసులో సగం సగం కాదు. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. ఓఆర్ఎస్ పేరు తగిలించుకున్న తీపి పానీయాలు ఏళ్ల తరబడి మందుల షాపుల్లో అమ్ముడుపోయాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. అలాంటి డబ్బాలు తాగితే అందులోని చక్కెర బ్యాగ్‌ని ఇంకా నింపుతుంది.

వాంతులో విరేచనాలో పట్టుకున్న రోజు బీపీ బిళ్ళ, మూత్రం బిళ్ళ, షుగర్ బిళ్ళ వేసుకునే ముందు డాక్టర్‌కి ఫోన్ చేసి అడగండి. అవి ఆ ఒకటి రెండు రోజులు ఆపమని చెప్పొచ్చు.

9. మూడు నెలలకి ఒకసారి మళ్లీ చూపించండి

ఆసుపత్రిలో క్రియాటినిన్ పెరిగి తగ్గినవాళ్లు ఇంటికి వచ్చిన ఒకటి రెండు వారాల్లో ఒకసారి, మూడు నెలలకి ఇంకోసారి క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ చేయించుకోవాలి. మూడు నెలలు దాటినా తేడా అలాగే ఉంటే నెఫ్రాలజిస్ట్‌ని (కిడ్నీ డాక్టర్‌ని) కలవండి. "తగ్గిందన్నారు కదా" అని వదిలేసేది సరిగ్గా ఇక్కడే. డిశ్చార్జ్ సమ్మరీలో క్యాన్సర్ ఏ స్టేజీ, ఎన్ని లింఫ్ గ్రంథులు తీశారు అన్నీ ఉంటాయి. రెండో రోజు క్రియాటినిన్ పెరిగిందన్న ముక్క మాత్రం చాలాసార్లు ఉండదు. రాయమని అడిగి రాయించుకోండి.

ఆపరేషన్ తర్వాత కీమో మొదలుపెట్టే డాక్టర్ వేరే ఉంటారు, సీటీ తీసేవాళ్లు వేరే ఉంటారు. నోట్‌బుక్ చివరి పేజీని ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. కీమో మొదటి రోజు సెలైన్ సూది గుచ్చకముందే, స్కాన్ గదిలో కాంట్రాస్ట్ ఎక్కించకముందే ఆ ఫోటో తెరిచి చూపించండి. అడక్కపోయినా చూపించండి.